ఉత్తరేణి – అపామార్గము

వినాయక చవితినాడు ఏకవింశతి పత్రములలో ఒకటిగా మనము సమర్పించు ఉత్తరేణియే అథర్వవేదమున స్తుతింపబడిన అపామార్గము. దోషములను తుడిచివేయునది యని అర్థము.

ఆకులు ఎదురెదురుగా జంటలై యుండును. పొడవైన వెన్నుపై క్రిందికి వంగిన ముండ్లకాయలు బట్టలకు అంటుకొనును. ఈ రెండు గుర్తులును లేనిచో కోయరాదు. పురుగుమందు చల్లిన గట్లను, మురుగుచోట్లను విడువవలెను. వేరు పెకలింపక కొమ్మను మాత్రమే త్రుంచి, కడిగి, ఆ పుల్లతో దంతధావనము చేయుట ఋషిపంచమి ఆచారము. రసమును వైద్యుని అనుమతి లేక ఎవరును, ముఖ్యముగా గర్భిణులు, లోనికి పుచ్చుకొనరాదు.

అంగడిలో కొన్న పత్రికట్టలో ఉత్తరేణి ఏదియని మేము అడిగినచో పెద్దలే తడబడుచున్నారు. గుర్తు మరచిననాడు పూజయు, మందును రెండును పోవును. ఈ చవితికి పిల్లలను గట్టువెంట తీసికొనిపోయి, ఆ ఒక్క మొక్కనైనను చూపుడు.