కవి స్కాట్లండ్‌లో, కాగితాలు కరోలైనాలో

మీకు తెలుసా? స్కాట్లండ్ జాతీయ కవిగా చెప్పుకునే రాబర్ట్ బర్న్స్ తన 37 ఏళ్ల జీవితంలో అమెరికా గడ్డ మీద కాలు పెట్టిందే లేదు. అయినా ఆయన మీద పరిశోధన చేసేవాళ్లు ఎడిన్‌బరా, గ్లాస్గో గ్రంథాలయాలు గాలించాక అట్లాంటిక్ దాటి సౌత్ కరోలైనా రాష్ట్రానికి కూడా వెళ్తుంటారు. అక్కడి కొలంబియా నగరంలో, విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, జి. రాస్ రాయ్ అనే ఆచార్యుడు జీవితమంతా పోగుచేసిన బర్న్స్ పుస్తకాలూ, రాతప్రతులూ, స్కాటిష్ కవిత్వ సంపుటాలూ వేల సంఖ్యలో ఉన్నాయి.

బర్న్స్ అంటే ఎవరో చప్పున గుర్తు రావడం లేదా? కొత్త సంవత్సరం అర్ధరాత్రి చేతులు పట్టుకుని పాడే ‘ఆల్డ్ లాంగ్ సైన్’ ఆయన చేతిమీదుగా వచ్చిందే. ఒక ముసలాయన పాడుతుంటే విని రాసుకున్నానని బర్న్స్ చెప్పుకున్నాడు. అందులో పాత పాట ఎంత, ఆయన సొంతం ఎంత అనేది పండితులకు తీరని పంచాయితీ. ఆ బాణీ మీదే టాగూర్ ఒక బెంగాలీ పాట కట్టాడు కాబట్టి, మనకీ అది మరీ పరాయిదేమీ కాదు.

*

ఈ సేకరణ మొదలైంది పండితుడి చేతిలో కాదు. రాస్ రాయ్ తాత డబ్ల్యూ. ఆర్మిస్టన్ రాయ్ కెనడాలోని మాంట్రియల్‌లో మౌంట్ రాయల్ శ్మశానవాటిక చెట్లూ చేమలూ, దారులూ తీర్చిదిద్దిన ఉద్యానవన నిపుణుడు. బర్న్స్ అంటే ఆయనకు ప్రాణం. కనిపించిన పుస్తకమల్లా కొని దాచాడు. 1958లో పోతూ పోతూ వాటిని మనవడికి రాసిచ్చాడు. తాతగారి బీరువాలో పుస్తకాలు చివరికి ఏ గతి పడతాయో మన ఇళ్లలో చూసినవాళ్లకు ఇది చిన్న వింతలాగే ఉంటుంది. మనవడు వాటిని అమ్ముకోలేదు సరికదా, మరో మూడు దశాబ్దాలు వాటికి జతలు వెతికాడు. 1989లో కొంత విరాళంగా, కొంత కొనుగోలుగా ఆ మొత్తం తాను పాఠాలు చెప్పిన విశ్వవిద్యాలయానికే చేరింది. తాత పేరు మీద అక్కడ పరిశోధకులకు ఒక ఫెలోషిప్ కూడా ఉంది.

*

బర్న్స్ పుస్తకాల సేకరణ అంటే మొదట వచ్చే మాట కిల్మార్నాక్ ప్రతి. దాని సంగతి తెలుసా? 1786లో బర్న్స్ అప్పుల్లోనూ ప్రేమ చిక్కుల్లోనూ పీకల్లోతు మునిగి, జమైకా వెళ్లిపోదామని ఓడ చూసుకున్నాడు. వెళ్లేముందు కిల్మార్నాక్ ఊళ్లో జాన్ విల్సన్ అనే ముద్రాపకుడి దగ్గర తన కవితలు అచ్చు వేయించాడు. ప్రతులు 612, వెల మూడు షిల్లింగులు. నెల తిరిగేసరికి దాదాపు అన్నీ అమ్ముడయ్యాయి, ప్రయాణం ఆగిపోయింది. ఆ 612లో మిగిలినవి ఈనాడు లోకంలో ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకునే స్థితి.

*

అయితే రాయ్ సేకరణలో అసలు ముచ్చట ఇంకో చిన్న పుస్తకానిది. పేరు ‘ద మెర్రీ మ్యూజెస్ ఆఫ్ కాలెడోనియా’. ఇంట్లో పెద్దల ముందు పాడలేని పాటల పుస్తకం. మొహమాటం లేకుండా చెప్పాలంటే పచ్చి బూతు. ఎడిన్‌బరాలో ‘క్రోకాలన్ ఫెన్సిబుల్స్’ అని ఒక తాగుళ్ల క్లబ్బు ఉండేది. దాన్ని పెట్టింది విలియం స్మెల్లీ, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా తొలి ముద్రణకు సంపాదకుడు! పగలు విజ్ఞాన సర్వస్వం, రాత్రి ఈ పాటలు. బర్న్స్‌ని ఆ క్లబ్బులోకి తీసుకొచ్చింది కూడా ఆయనే. ఇలాంటి జానపద పాటల్ని బర్న్స్ సరదాగా సేకరించేవాడు, కొన్ని తానూ కట్టేవాడు. ఆయన పోయాక ఎవరో వాటిని క్లబ్బు కోసమని అచ్చేశారు. వేసినవాళ్లు తమ పేరు పెట్టుకోలేదు. ఎందుకు పెట్టుకోలేదో అడగనక్కర్లేదు.

ఆ తొలి ముద్రణ ప్రతి లోకానికి తెలిసింది చాలాకాలం ఒక్కటే, రోజ్‌బరీ ప్రభువు కుటుంబానికి చెందినది. దాని మొదటి పుటలో సంవత్సరం ఉండాల్సిన చోట కాగితం చెడిపోయింది. పండితులు 1800 ప్రాంతం అని అంచనా వేసుకుని సరిపెట్టుకున్నారు. తరవాత రెండో ప్రతి బయటపడింది, రాయ్ చేతికి అందింది. అందులో తేదీ చెక్కుచెదరకుండా ఉంది: 1799. ఇంతేనా అనకండి. కవి పోయి మూడేళ్లకే ఈ పాటలు అచ్చులోకి వచ్చాయని తేలడమంటే, అందులో ఏవి ఆయనవి, ఏవి ఆయన పేరు మీద తరవాత అంటగట్టినవి అనే లెక్కకు గట్టి ఆధారం దొరికినట్టే. ‘ఆ పుస్తకం ఒకటి ఉందిగా, మళ్లీ ఎందుకు?’ అనుకునే గ్రంథాలయాలకు ఈ రెండో ప్రతిని చూపించాలి.

ఈ పుస్తకం తలరాత చూడండి: 1959లో, కవి పుట్టిన రెండువందల ఏళ్లకు, ఎడిన్‌బరాలో దాన్ని వేసినప్పుడు కూడా ఒక సంఘ సభ్యులకు మాత్రమే అని చెప్పి వేయాల్సి వచ్చింది. 1999లో రాయ్ తన ప్రతిని ఉన్నదున్నట్టు పునర్ముద్రింపజేశారు. అప్పటికి ఎవరూ ఉలిక్కిపడలేదు.

*

బర్న్స్ రాసిన ఉత్తరాలు దాదాపు 700 దొరికాయి. 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రెండు సంపుటాలుగా వేసిన కొత్త ముద్రణకు సంపాదకుడు రాయే. ఉత్తరాలు ఏరి పేర్చడమే కదా అనుకుంటాం. ‘యాంటిక్ స్మిత్’ కథ వింటే అలా అనుకోం. ఎడిన్‌బరాలో అలెగ్జాండర్ హౌలాండ్ స్మిత్ అనే గుమాస్తాకి, ఒక లాయరు ఆఫీసులో పాత కాగితాలు ఖాళీ చేసే పని పడింది. వాటికి మంచి ధర పలుకుతోందని చూసి మొదట వాటినే అమ్మాడు. అవి అయిపోయాక తయారీ మొదలెట్టాడు. పాత పుస్తకాల్లో ఖాళీగా వదిలేసిన ఆకులు తీసి, వాటి మీద బర్న్స్‌దీ నవలాకారుడు వాల్టర్ స్కాట్‌దీ దస్తూరీ దింపేవాడు. ఒక న్యూయార్క్ ధనవంతుడు రెండువందలకు పైగా కొన్నాడు. పరీక్ష చేయిస్తే దాదాపు అన్నీ నకిలీలే. బర్న్స్ చేతిరాతలో ఉందని పత్రికలో వేసిన ఒక కవితైతే, బర్న్స్ చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడే లండన్ పత్రికలో ఇంకొకరి రచనగా అచ్చయిందని ఒక పాఠకుడు పట్టేశాడు. 1893లో స్మిత్‌కి 12 నెలల జైలు పడింది. ఆయన తయారుచేసిన సరుకు మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా తేలుతూనే ఉంటుంది. కొనేవాళ్లు కూడా ఉన్నారు, అవి నకిలీలని తెలిసే.

స్కాటిష్ సాహిత్యానికని ప్రత్యేకంగా పరిశోధన పత్రిక మొదలైంది కూడా స్కాట్లండ్‌లో కాదు. 1963లో రాయ్ టెక్సస్‌లో పాఠాలు చెబుతూ ‘స్టడీస్ ఇన్ స్కాటిష్ లిటరేచర్’ పెట్టారు. 1965లో ఆయనతో పాటే అదీ సౌత్ కరోలైనాకి మకాం మార్చింది.

*

ఇక మనకు సంబంధించిన ముక్క. జాన్ లేడెన్ పేరు విన్నారా? స్కాట్లండ్ సరిహద్దు సీమలోని డెన్‌హోమ్ అనే పల్లెలో 1775లో పుట్టాడు. వాల్టర్ స్కాట్ ఆ సీమ పాత వీరగాథల్ని సేకరించి 1802 నుంచి అచ్చు వేస్తున్నప్పుడు కుడిభుజంగా నిలిచాడు. 1803లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా మద్రాసు వచ్చి, కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, సేకరించిన మెకంజీ దొర మైసూరు సర్వేలో పనిచేశాడు. ఆ మెకంజీదీ స్కాట్లండే. పాటలు ఏరుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? ఇక్కడ దక్షిణాది భాషల తాళపత్రాల మీద పడ్డాడు. 1811లో కంపెనీ సేనలతో జావా వెళ్లి, గాలి వెలుతురు లేని ఒక పాత గ్రంథాల గదిలో దూరి జ్వరం తెచ్చుకున్నాడని, మూడు రోజుల్లో పోయాడని స్కాట్ రాశాడు. లేడెన్ కూడబెట్టిన గ్రంథాలు లండన్‌లోని కంపెనీ గ్రంథాలయానికి చేరి, పట్టించుకునే దిక్కులేక పడి ఉన్నాయి. 1830ల్లో సెలవు మీద లండన్ వెళ్లిన తెలుగు నిఘంటుకారుడు సి.పి. బ్రౌన్ కంట పడ్డాయి. ఆయన పట్టుబట్టి వాటిని తిరిగి మద్రాసుకు పంపించేలా చేశాడు. మెకంజీ సేకరణ, బ్రౌన్ సేకరణ, లేడెన్ సేకరణ, ఈ మూడూ కలిసే నేటి చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి మూలధనమయ్యాయి.