పాత పెట్రోలుకు మందు లేదు

వానాకాలం పంటకు మందు కొట్టే రోజులొస్తే రాజంపేటలో నా రిపేరు షెడ్డు ముందు తైవాన్ పంపులు వరుస కడతాయి. వాటితో పాటు గడ్డి కోసే మిషన్లు, పవర్ వీడర్లు, ఫంక్షన్లకు కిరాయికిచ్చే చిన్న జనరేటర్లు. అందరిదీ ఒకటే బాధ: "తాడు గుంజి గుంజి రెక్కలు పోయినయన్నా, స్టార్టే అయితలేదు." ఈమధ్య దానికి ఇంకో మాట తోడైంది: "పెట్రోలుల పోసే క్లీనర్ డబ్బా కొనుక్కొచ్చి పోసిన, అయినా అయితలేదు."

అలాంటి బండి వస్తే ముందు కార్బురేటర్ కిందుండే చిన్న గిన్నె విప్పుతాను. యాసంగి అయిపోయాక మూలన పెట్టిన మిషన్ అయితే గిన్నె అడుగున బెల్లం పాకంలా గోధుమరంగు జిగురు ఉంటుంది. ముక్కుకు పుల్లటి వాసన కొడుతుంది. జెట్ ఊడదీసి ఎండకు ఎత్తి పట్టుకుంటే అవతలి వెలుతురు కనిపించాలి. కనిపించదు. ఆ రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండకపోవచ్చు. పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం ఎగిరిపోయి, మిగిలింది గాలి తగిలి చిక్కబడి, దాన్ని మూసేస్తుంది. మూసుకున్న జెట్‌లోంచి పెట్రోలే పోనప్పుడు, ఆ పెట్రోల్లో కలిపిన క్లీనర్ అక్కడికి ఎలా చేరుతుంది? అందుకే ఈ దశలో డబ్బా పని చేయదు. విప్పి కడగాల్సిందే.

ఇథనాల్ సంగతి కూడా రైతులకు తెలియాలి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై, 2025కల్లా దాదాపు దేశమంతా వచ్చేసింది. చెరకు నుంచి, మక్కల నుంచి, బియ్యం నుంచి తీస్తున్న ఇథనాల్ అది. మన పంటకు గిరాకీ పెరిగితే సంతోషమే. కానీ ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. కొంతవరకు ఆ నీరు పెట్రోల్లోనే కలిసి ఉంటుంది, మోతాదు మించితే ఇథనాల్, నీరు ఒక్కటై అడుగుకు దిగిపోతాయి. టూ స్ట్రోక్ మిషన్‌లో అసలు ప్రమాదం ఇక్కడే. మనం కలిపిన టూటీ ఆయిల్ పైనున్న పెట్రోల్లో ఉండిపోతుంది, పైపు మాత్రం అడుగు నుంచి లాగుతుంది. ఆ కాస్తలో ఇంజిన్ నడిచినా నూనె లేకుండా నడుస్తుంది, పిస్టన్ పట్టేస్తుంది.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మా మండలంలోని ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వాన పడింది. ఆ తర్వాత తడిసిన మిషన్లు చాలా వచ్చాయి. ట్యాంకులోది గాజు సీసాలో పోసి కాసేపు ఉంచితే రెండు పొరలు విడిగా కనిపించేవి. ఆ పొరలను మళ్లీ ఒక్కటి చేసి మంచి పెట్రోలుగా మార్చే మందు నాకు తెలిసి ఏదీ లేదు. పారబోయాలి, అదీ కాలువలోనూ చెలకలోనూ కాదు.

మరి మందులన్నీ దండగేనా? కాదు. స్టెబిలైజర్ పెట్రోలు చెడిపోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అయితే పెట్రోలు తాజాగా ఉన్నప్పుడే కలపాలి. కలిపాక ఇంజిన్ కొద్ది నిమిషాలు నడిపితేనే అది కార్బురేటర్ దాకా చేరుతుంది. కరెంటు పోతే అక్కరకొస్తుందని జనరేటర్ ట్యాంకు నింపి ఉంచేవాళ్లకు ఇది పనికొస్తుంది. డిటర్జెంట్ క్లీనర్ నడుస్తున్న ఇంజిన్‌లో పలుచటి మసిని మెల్లగా వదిలిస్తుంది. ఆక్టేన్ పెంచే డబ్బా మాత్రం కొనకండి. మన చిన్న ఇంజిన్లకు మామూలు పెట్రోలు ఆక్టేన్ సరిపోతుంది.

విప్పిన కార్బురేటర్ కడగడానికి స్ప్రే క్లీనర్ వాడేటప్పుడు రబ్బరు డయాఫ్రమ్, ఓరింగులు ముందే తీసి పక్కన పెట్టాలి, లేకుంటే ఉబ్బి పాడవుతాయి. చాలా గడ్డి కోసే మిషన్ల కార్బురేటర్ ఆ పలుచటి డయాఫ్రమ్ మీదే నడుస్తుంది. ఆ స్ప్రే ఇట్టే అంటుకుంటుంది. బీడీ దగ్గర, వేడి సైలెన్సర్ దగ్గర కొట్టొద్దు. కళ్లకు అద్దాలు పెట్టుకోవాలి, తలుపులు మూసిన గదిలో అసలే వద్దు.

టూటీ ఆయిల్ దగ్గరా అందాజాలు ఎక్కువ. మిషన్‌కు 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. తక్కువైతే పిస్టన్ పోతుంది, ఎక్కువైతే సైలెన్సర్ మసితో మూసుకుంటుంది. కూల్‌డ్రింక్ సీసాలో కళ్లతో చూసి పోసే అలవాటు మానండి, కొలత గ్లాసు కొనండి.

పంట పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటది ఆగిపోయేదాకా నడిపి, అప్పుడు మూలన పెట్టండి. వచ్చే సీజన్‌లో కొత్త పెట్రోలు పోయండి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే, డబ్బాకు పెట్టే డబ్బుతో ముందు ప్లగ్గు, ఫ్యూయల్ ఫిల్టరు మార్చి చూడండి.