ఓవెన్‌లో దీపం ఆరితే...

మండల కేంద్రాల బేకరీల్లోనే కాదు, పల్లెల్లో కొన్ని ఇళ్లలోనూ ఇప్పుడు కరెంటు ఓవెన్లు కనిపిస్తున్నాయి. లోపలి బల్బు మాడిపోతే చాలామంది పట్టించుకోరు. కేకు ఎర్రబడిందో లేదో చూడటానికి మాటిమాటికీ తలుపు తీస్తారు. వేడి కాస్తా బయటకు పోయి కేకు మధ్యలో కుంగిపోతుంది.

బల్బు మార్చటం పెద్ద పనేమీ కాదు. తొందరపడితేనే ప్రాణం మీదికి వస్తుంది. స్విచ్ ఆపితే చాలదు. ఫేజు, న్యూట్రల్ తారుమారైన ఇళ్లలో స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. ప్లగ్గు ఊడదీయాల్సిందే. గోడలో బిగించిన ఓవెనైతే మెయిన్ ఆపాలి. బాగా చల్లారాక గాజుమూతను, తర్వాత బల్బును ఎడమవైపుకు తిప్పితే చాలా ఓవెన్లలో ఊడి వస్తాయి.

అసలు చిక్కు కొత్తది కొనేటప్పుడే. ఇంట్లో వాడే రెండు పిన్నుల బల్బు ఇందులో పట్టదు. చాలా ఓవెన్లకు 14 మిల్లీమీటర్ల మర ఉన్న చిన్న బల్బు కావాలి. 300 డిగ్రీల వేడి తట్టుకుంటుందని రాసి ఉన్నదే తీసుకోవాలి. వాట్లు పాతదానికి మించకూడదు. ఎల్ఈడీ చౌకే గానీ, లోపలి పరికరాలు ఆ వేడికి నిలవవు. పాత బల్బును జేబులో వేసుకుని కొట్టుకు వెళితే తిరుగుడు తప్పుతుంది. హాలోజెన్ రకమైతే వట్టి వేళ్లతో తాకరాదు, పొడిగుడ్డతో పట్టుకోవాలి.

గాజుమూత మళ్లీ బిగించాకే ప్లగ్గు పెట్టాలి. మూత లేకుంటే నూనె చిట్లి కొత్త బల్బూ పగులుతుంది.