బోరు మోటారు ఎందుకు కాలుతుంది?

పిల్లలూ! నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో బోరు మోటారు కాలిందంటే ఇంటిల్లిపాదికీ దిగులే. అది బాగయ్యేలోపు మడి ఎండిపోవచ్చు. "వోల్టేజీ చాలలేదు" అంటారు పెద్దలు. ఆ మాటలోని సంగతేమిటో చూద్దామా?

తీగలో ఎలక్ట్రానులు సాఫీగా సాగవు. లోహంలోని అయానుల కంపనాలు వాటికి అడ్డు తగులుతాయి. ఈ అడ్డంకినే విద్యున్నిరోధం అంటాం. తీగ పొడుగైతే నిరోధం పెరుగుతుంది, లావైతే తగ్గుతుంది. దీని ప్రమాణం 'ఓం'. 1827లో తన సూత్రాన్ని ప్రచురించిన జర్మనీ శాస్త్రజ్ఞుడు గియోర్గ్ ఓం పేరే దానికి పెట్టారు.

ఇప్పుడొక లెక్క. మన రాతి నేలల్లో నీరు లోతున ఉంటుంది. స్టార్టరు నుంచి బోరు దాకా 100 మీటర్లు, బోరులో మోటారు దాకా మరో 100 మీటర్లు అనుకోండి. రానూపోనూ తీగ 400 మీటర్లు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగకు 100 మీటర్లకు సుమారు 0.7 ఓంల నిరోధం ఉంటుంది. అంటే మొత్తం 2.8 ఓంలు. సింగిల్ ఫేజు మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటే 10 × 2.8 = 28 వోల్టులు తీగలోనే పోతాయి! స్టార్టరు దగ్గర 230 వోల్టులున్నా మోటారుకు అందేవి సుమారు 202.

వోల్టేజీ తగ్గినా మోటారు మీది భారం పెద్దగా తగ్గదు. అందుకే అది ఎక్కువ కరెంటు లాగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడికి తీగచుట్టల ఇన్సులేషన్ పాడవుతుంది. మోటారు కాలడమంటే ఇదే.

తీగ అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే నిరోధం సగమవుతుంది. ఈసారి కేబులు కొనేముందు ఈ లెక్క వేసి ఇంట్లో పెద్దలకు చూపండి. తీగలను మాత్రం ముట్టుకోకండి. కాగితం, పెన్సిలు చాలు!