నోరు మూసుకునే మంచె

డాలస్ దాటి పడమరగా కారులో పోతుంటే ముళ్లకంచెల వెనక, గడ్డిబీళ్లలో, నాలుగు కాళ్ల మీద నిలబడ్డ చెక్కపెట్టెలు కనిపిస్తాయి. కొత్తగా వెళ్లిన మనవాళ్లు నీళ్ల ట్యాంకులేమో అనుకుంటారు. అవి మంచెలు. టెక్సస్‌లో జింకల వేటగాళ్లు ఏళ్ల తరబడి ఉండేలా కట్టుకునేవి. వాళ్ల మాటలో ‘బ్లైండ్’.

మన మంచె వేరు. జొన్నకంకి పాలు పోసుకునే వేళకు చేలో 4 పంగల గుంజలు పాతి, అడ్డకర్రలు వేసి, తడిక పరిచి, పైన తాటాకు కప్పితే అయిపోయింది. ఎక్కినవాడు వడిసెల తిప్పాలి, డబ్బా వాయించాలి, గొంతు చించుకోవాలి. పిట్టకు కనబడని, వినబడని మంచె దండగ. కోత అయ్యాక దాని కర్రలు పొయ్యిలోకే.

టెక్సస్ మంచెకు అన్నీ తలకిందులు. మనం గింజ తిననీయకుండా తోలడానికి ఎక్కుతాం; వాళ్లు టైమరు బిగించిన డ్రమ్ముతో మొక్కజొన్న చల్లించి, ఓ 100 గజాల దూరాన పెట్టెలో కూర్చుని ఎదురుచూస్తారు. అందుకే దాన్ని కట్టే పద్ధతంతా ఒక్క చప్పుడు చుట్టూ తిరుగుతుంది. చెద పట్టకుండా మందు ఎక్కించిన పైన్ స్తంభాలు, అడుగున వెడల్పుగా ఉండేలా కాస్త బయటికి వాల్చినవి. వాటి మధ్య ఏటవాలు పట్టీలు. బిగించేది బోల్టులతో. మేకు ఏడాది తిరిగేసరికి వదులై కిర్రుమంటుంది, ఆ ఒక్క కిర్రుకే జింక తెల్లటి తోక పైకెత్తి మాయమైపోతుంది. నేల మీద పాత కార్పెట్టు ముక్క తప్పనిసరి. కిటికీ గడపకు కూడా అదే అంటిస్తారు, తుపాకి గొట్టం చెక్కకు తగిలి టక్కుమనకుండా. నా మటుకు, ఆ ముక్క పరిచాడా లేదా అన్నది చూస్తే చాలు, కట్టినవాడికి వేట తెలుసో లేదో చెప్పేయొచ్చు.

ఇంత చేసినా గాలి మాట వినదు. చెప్పొచ్చేదేమిటంటే, జింకకు కన్ను, చెవి ఒక ఎత్తు, ముక్కు ఒక ఎత్తు. గాలి జింక వైపు నుంచి మనిషి వైపు రావాలి. టెక్సస్‌లో మామూలు రోజుల్లో దక్షిణపు గాలి. సరే అని మంచెను డ్రమ్ముకు ఉత్తరాన కట్టారనుకోండి. తుపాకి వేట రోజులు మొదలయ్యేది నవంబరు మొదటి శనివారం. చలిగాలి ఉత్తరం నుంచి దిగేదీ ఆ రోజుల్లోనే. అది వీచిన పూట పెట్టెలోని మనిషి వాసన నేరుగా జింక ముక్కుకే. చెట్టుకు వేలాడగట్టుకునే మంచె అయితే విప్పి ఇంకో చెట్టుకు బిగించుకోవచ్చు. కాంక్రీటులో దిగిన కాళ్లను ఏం చేస్తారు? అందుకని డబ్బున్నవాళ్లు రెండు దిక్కుల్లో రెండు కడతారు. లేనివాళ్లు ఆ పూటకి ఇంట్లో పడుకుంటారు.

తూర్పు ముఖంగా కడితే ఇంకో తంటా, పొద్దుటి ఎండ కళ్లల్లోకి కొడుతుంది. అక్కడ సూర్యోదయానికి అరగంట ముందు నుంచి కాల్చవచ్చు కాబట్టి అసలు పని నడిచేది పొద్దుటి వెలుగులోనే.

మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో సరదా వేటకు తెర పడింది. వేటమంచెను హిందీవాళ్లు మచాన్ అంటారు; అదీ, మన మంచె రెండూ సంస్కృత ‘మంచ’ నుంచి వచ్చినవే. ఇప్పుడు అడవిలో మచాన్ ఎక్కేది నీటిగుంటకు వచ్చే జంతువులను లెక్కపెట్టడానికి.

టెక్సస్ పెట్టె మాత్రం వేట రోజులు అయిపోయాక కూడా అక్కడే ఉంటుంది. ఎండాకాలమంతా తలుపు మూసి. కొత్త వేట రోజుల ముందు నిచ్చెనెక్కి ఆ తలుపు తీసేవాడి చేతిలో తుపాకి ఉండదు. కందిరీగల మందు డబ్బా ఉంటుంది.