డెక్కన్ ఎయిర్‌వేస్

డెక్కన్ ఎయిర్‌వేస్, హైదరాబాదులోని బేగంపేట విమానాశ్రయం కేంద్రంగా 1945లో ఏర్పడిన విమానయాన సంస్థ. నిజాం ప్రభుత్వ రైల్వే, టాటా ఎయిర్‌లైన్స్ దీని భాగస్వాములు. ఇందులో రైల్వే వాటా 71 శాతం. ఇది డకోటా విమానాలను నడిపింది.

భారతదేశపు తొలి మహిళా వాణిజ్య పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఇతర సంస్థలు నిరాకరించిన ఉద్యోగాన్ని ఈ సంస్థే ఇచ్చింది. అయితే విమానాన్ని పూర్తి బాధ్యతతో నడిపే అవకాశం లభించక ఆమె వైదొలగింది.

జాతీయీకరణ, తరువాతి పరిణామాలు

1953లో దేశంలోని విమాన సంస్థలను జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ మరి ఏడు సంస్థలతో కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైంది. అంతర్జాతీయ మార్గాలు ఎయిర్ ఇండియాకు దక్కాయి.

ఈ రెండూ ప్రభుత్వ సంస్థలే. అయినా సేవలలో పేరు తెచ్చుకున్నది ఎయిర్ ఇండియాయే. దానికి విదేశీ సంస్థల పోటీ ఉండేది. 1978 వరకు జె.ఆర్.డి. టాటా అధ్యక్షుడుగా ఉన్నారు. ఆయన తాను ప్రయాణించిన విమానంలో టీ, కాఫీల రంగు మొదలు కనిపించిన ప్రతి లోపాన్నీ రాసి అధికారులకు పంపేవారు. ఆ సంవత్సరమే మొరార్జీ దేశాయి ప్రభుత్వం ఆయనను తొలగించింది. దేశీయ మార్గాలలో మాత్రం ప్రయాణికునికి చాలాకాలం వేరే దారి లేదు. ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని కల్పించిన చట్టం 1994లో రద్దయింది. కనుక లోపమంతా ప్రభుత్వ యాజమాన్యానిదే అనడం సరికాదు.

2007లో రెండు సంస్థలూ విలీనమయ్యాయి. 2022 జనవరి 27న ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది. పాతబడిన సీట్లను మార్చడం కొత్త యాజమాన్యం చేపట్టిన పనులలో ఒకటి.