బుల్లికారుకు రంగేయాలంటే...

అటక మీద నలభై, యాభై ఏళ్లుగా దుమ్ము కొట్టుకుపోయిన అట్టపెట్టె. మూత తీస్తే సగం అతికించిన ప్లాస్టిక్ కారు, గట్టిపడిన జిగురు ట్యూబు, మూత ఊడిరాని రంగు సీసా! అమెరికాలో రిటైరైన తాతయ్యలు చాలామంది బుల్లి కార్ల ప్రపంచంలోకి మళ్లీ అడుగుపెట్టేది ఇలాగే. పన్నెండేళ్ల వయసులో వదిలేసిన సరదా అరవైల్లో తలుపు తడుతుంది. కిట్ కొనుక్కోవడం తేలికే. చిక్కంతా రంగు దగ్గరే. తప్పు డబ్బా చేతికొచ్చిందో... కారు కరిగిపోతుంది. మాటవరసకు కాదు, నిజంగానే!

డెట్రాయిట్ చుట్టుపక్కల అసలు కార్లు తయారవుతుంటే, వాటి పక్కనే బొమ్మలూ పుట్టాయి. 1948లో మొదలైన ఏఎంటీ సంస్థ మొదట్లో కార్ల డీలర్ల కోసం చిన్న నమూనాలు చేసి ఇచ్చేది. 1958లో వాటినే విడిభాగాలుగా పెట్టెలో సర్ది పిల్లలకు అమ్మడం మొదలెట్టింది. అసలు కారులో 25వ వంతు పొడవు. అంతకు కొన్నేళ్ల ముందే, 1949లో, ఇల్లినాయిస్‌లో ఎడ్వర్డ్ సేమోర్ అనే రంగుల వ్యాపారి స్ప్రే పెయింటు డబ్బాను తయారుచేశాడు. ఆ ఆలోచన ఇచ్చింది ఆయన భార్య బోనీ అని చెబుతారు. కిట్టూ, డబ్బా కలిశాక కుర్రాళ్లు ఊరుకుంటారా? గ్యారేజీలన్నీ రంగుల వాసనే.

ఆ కుర్రాళ్లే ఇప్పుడు తాతలై దుకాణానికి వెళితే అరలు కొత్తగా కనిపిస్తాయి. ఒకప్పుడు మోడల్ తయారీదార్లకు కొట్టినపిండి అయిన టెస్టర్స్ వారి 'మోడల్ మాస్టర్' రంగులు ఇప్పుడు తయారు కావడం లేదు. వాటి స్థానంలో జపాన్ డబ్బాలు వరసగా నిలబడి ఉంటాయి. షిజువోకాలో 1946లో కలప వ్యాపారంగా మొదలై బొమ్మల్లోకి వచ్చిన తమియా వాటిలో ముందుంటుంది. పక్కనే హార్డ్‌వేర్ షాపులో మూడింతల పెద్ద డబ్బా చవగ్గా దొరుకుతుంటే, ఈ 100 మిల్లీలీటర్ల డబ్బాకు అంత ధర ఎందుకు పెట్టాలి? తిరిగొచ్చిన ప్రతివారికీ మొదట వచ్చే అనుమానం ఇదే.

థర్మకోల్ చెప్పే పాఠం

థర్మకోల్ ముక్క మీద పెట్రోలు చుక్క వేస్తే ఏమవుతుందో బడి పిల్లలకు తెలుసు. చూస్తుండగానే గుంటపడి జిగురైపోతుంది. థర్మకోల్, బుల్లికారు... రెండూ పాలీస్టైరీనే. కాకపోతే ఒకటి గాలి బుడగలతో ఉబ్బింది, ఇంకోటి గట్టిగా పోతపోసింది. అసలు కార్లకు, ఇనుప గేట్లకు ఉద్దేశించిన కొన్ని స్ప్రేలలో ఘాటైన ద్రావకాలుంటాయి. ఇనుమును అవి ఏమీ చేయవు. ప్లాస్టిక్ మీద పడితే మాత్రం నున్నటి బానెట్ ఎండిన చెరువు మట్టిలా పగుళ్లిస్తుంది. అలా పాడైన ప్లాస్టిక్‌ను మళ్లీ మామూలుగా చేయడం చాలా కష్టం.

ఇంకో ఇబ్బంది మందం. పదో వంతు మిల్లీమీటరు పూత కంటికి ఆనదు. కానీ 25వ వంతు కారు మీద అది రెండున్నర మిల్లీమీటర్ల పూతతో సమానం! తలుపు గీతలు, కంపెనీ పేరు అక్షరాలు అందులో మునిగిపోతాయి. మెటాలిక్ రంగుల్లోని మెరుపు రేణువులదీ ఇదే వరస. అసలు కారు మీద హుందాగా ఉండే మెరుపు ఇక్కడ పెళ్లి చీర చమ్కీలా కనిపిస్తుంది. చిన్న డబ్బాకు పెట్టే డబ్బు సన్నటి రంగు పొడికీ, ప్లాస్టిక్‌ను బాధించని ద్రావకానికీ.

మరి ఏది కొనాలి? మన కిటికీ ఊచలకు వేసే ఎనామెల్ తరహావి ఒక రకం. ప్లాస్టిక్‌ను నొప్పించవు కానీ పూర్తిగా ఆరడానికి రోజులు పడుతుంది. ఆలోగా వేలిముద్ర పడిందో, అది శాశ్వతం. రెండోది ల్యాకర్... బ్యాంకులోది కాదు, గోళ్ల రంగుకు చుట్టం. ద్రావకం ఎగిరిపోగానే ఆరిపోతుంది. తమియా 'టీఎస్' డబ్బాలు ఈ జాతివే, పాలీస్టైరీన్‌కు సరిపడేలా చేసినవి. మళ్లీ మొదలుపెట్టేవారికి వీటికి మించిన దారి లేదు. అయితే అదే అరలో 'పీఎస్' అని రాసినవీ ఉంటాయి. అవి రిమోట్ కార్ల పారదర్శకమైన పాలీకార్బనేట్ బాడీలకు లోపలి వైపు నుంచి వేసేవి. ఒక్క అక్షరం తేడా!

ఏ డబ్బా అయినా మొదటి ప్రయోగం కారు మీద వద్దు. పార్టీల్లో వాడి పారేసే పాలీస్టైరీన్ చెంచా చాలు. దాని వంపు బానెట్ వంపులాగే ఉంటుంది. రంగు ఎలా పరుచుకుంటుందో, ఎక్కడ కారుతుందో అదే చెప్పేస్తుంది.

కారును ముందు గిన్నెల సబ్బుతో కడగాలి. అచ్చులోంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు ఉంటే రంగు పట్టదు. తర్వాత ప్రైమర్. పసుపు, ఎరుపు రంగుల కింద తెల్లది వేస్తే పైరంగు వెలుగుతుంది. ఎర్ర ప్లాస్టిక్‌తో పోసిన బాడీ మీద నేరుగా తెలుపు కొడితే మర్నాటికి గులాబీ అవుతుంది! ముందు వెండిరంగు పొర వేస్తే ఆ ఎరుపు పైకి రాదు. డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచితే తుంపర సన్నబడుతుంది. పొయ్యి దగ్గరకు మాత్రం తీసుకెళ్లకూడదు, పేలిపోతుంది. ముసురు పట్టిన రోజున ఆ పని మానేయడమే మేలు. గాలిలో తేమ ఎక్కువైతే ల్యాకర్ మీద తెల్లటి పొగమంచు కమ్ముతుంది. గుడ్డ మాస్కు దుమ్మును ఆపుతుందేమో కానీ ఆవిరిని ఆపదు. బొగ్గు గుళికలున్న మాస్కు, తెరిచిన తలుపులు తప్పవు. మంట దగ్గరలో ఉండకూడదు.

అమెరికాలో ఉన్న అబ్బాయికో అల్లుడికో ఈ డబ్బాలు సూట్‌కేసులో తెమ్మని చెప్పేవారికి ఓ మాట. మండే స్వభావమున్న స్ప్రే పెయింట్లను విమానంలో చేతిసంచిలోనూ, లగేజీలోనూ అనుమతించరు. కిట్ తెచ్చుకోవచ్చు, రంగు మాత్రం ఇక్కడే వెతుక్కోవాలి.

ఇక అటక మీది పాత కారు సంగతి. చిన్నప్పుడు కుంచెతో పూసిన ఎనామెల్ దాని మీద అలాగే ఉంటుంది. ఎనామెల్ మీద ల్యాకర్ కొడితే కింది పొర ఉబ్బి, వేడి పాల మీద మీగడలా ముడతలు పడుతుంది. ల్యాకర్ మీద ఎనామెల్ అయితే ఫరవాలేదు. కాబట్టి పాత రంగు తీసేయాల్సిందే. తొడుగులు వేసుకుని, కాస్టిక్ సోడా కలిసిన ఓవెన్ క్లీనర్ పూసి ఉంచితే రంగు ఊడుతుంది. బంపర్ల క్రోమ్ పూత కూడా దాంతోపాటే పోతుంది కనుక వాటిని ముందే విడదీయాలి.

ఇంత తెలిసీ కొందరు ఆ పనికి పూనుకోరు. తలుపు మీద గడ్డకట్టిన రంగులో పన్నెండేళ్ల పిల్లాడి బొటనవేలి ముద్ర కనిపిస్తుంది మరి. ఏఎంటీ పాత కిట్లను రౌండ్ 2 సంస్థ మళ్లీ పోతపోసి అమ్ముతోంది. అలాంటి కొత్త పెట్టె ఒకటి కొనుక్కొచ్చి, టీఎస్ డబ్బా తీసుకుని గ్యారేజీలోకి వెళతారు. పాతదాన్ని దుమ్ము తుడిచి, ఉన్నదున్నట్టు అద్దాల బీరువాలో పెడతారు.